పశువైద్య విద్యకు హైస్కూలులో పునాది

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెలలో పాడిగేదెకు పత్తిగింజలు నానబెట్టి, రుబ్బి పెట్టే అలవాటు పూర్వంనుంచి ఉన్నది. ఇప్పుడు రుబ్బే శ్రమ తగ్గి, నూనె తీసిన పత్తిచెక్క వాడుక హెచ్చినది. చెక్క తిన్న గేదె పాలలో వెన్న గట్టిగా కడుతుందని ఇల్లాండ్రు చెబుతారు. అది నిజమే. కాని అదే చెక్కను పాలు మరువని దూడకు ఎక్కువగా పెడితే దూడ చిక్కిపోతుంది. ఒక్కొక్కప్పుడు చనిపోతుంది కూడా. గుడ్లు పెట్టే కోళ్ళ మేతలో కలిపితే, నిలవ ఉంచిన గుడ్డులోని పచ్చసొన పసుపు పోయి పాచిరంగుకు తిరుగుతుంది. మేత ఒకటే. తల్లికి బలం, బిడ్డకు విషం, కోడిగుడ్డుకు మచ్చ. ఇది ఎందువల్ల?

జవాబు కొంత పత్తిగింజలో ఉన్నది, కొంత పశువు కడుపులో ఉన్నది. గింజను బ్లేడుతో అడ్డంగా కోసి, లోపలి పప్పును భూతద్దంతో చూస్తే నల్లని చుక్కలు కానవస్తవి. అవి సన్నని గ్రంథులు. వాటిలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. పురుగులు తనను తినివేయకుండా పత్తిమొక్క చేసుకున్న ఏర్పాటు అది. గాసిపాల్‌కు ఇనుముతో కూడుకొనే గుణం ఉన్నది. మాంసకృత్తులతో పెనవేసుకొనే గుణమూ ఉన్నది. పచ్చసొనలో ఇనుము ఉన్నది కనుక అక్కడ రంగు మారుతుంది. కోళ్ళ మేతలో పత్తిచెక్క కలుపక తప్పనప్పుడు దానితోపాటు ఫెర్రస్ సల్ఫేటు చేర్చే పద్ధతి ఈ గుణాన్ని ఆధారం చేసుకొన్నదే: గుడ్డులోని ఇనుము జోలికి పోకముందే గాసిపాల్‌కు వేరే ఇనుము చూపడం.

ఇక గేదె సంగతి. నెమరువేసే పశువు కడుపులో నాలుగు అరలు ఉంటవి. మొదటిదైన రూమెన్ పెద్దపశువులో నూరు లీటర్లకు పైగా పట్టే తొట్టి. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతూ ఉంటవి. గాసిపాల్ అక్కడి మాంసకృత్తులతో కలిసి కట్టుబడిపోయి, రక్తంలోకి చేరగల భాగం బాగా తగ్గిపోతుంది. పాలు త్రాగే దూడకు ఈ తొట్టి ఇంకా పనిలోకి రాదు. అది పీల్చిన పాలు ఒక గాడి గుండా నేరుగా నాలుగవ అరకు పోతవి. రెండు మూడు నెలలపాటు గడ్డి కొరుకుతూ, సూక్ష్మజీవులను లోపల చేర్చుకొన్న పిమ్మటగాని దూడ నిజమైన నెమరుపశువు కాదు. అంతవరకు దాని కడుపు ఇంచుమించు మనిషి కడుపువంటిదే. పెద్దపశువుకైనా ఈ రక్షణకు ఒక హద్దు ఉన్నది. మితిమీరి పత్తిచెక్క మేపిన ఆబోతులలో వీర్యం దెబ్బతింటుంది.

తొమ్మిదవ తరగతి విద్యార్థి ఈ ప్రశ్న అడిగితే ఉపాధ్యాయుడు దానిని పాఠానికి బయటి ప్రశ్నగా త్రోసివేయరాదు. ఇందులో రసాయనశాస్త్రం ఉన్నది, జీర్ణక్రియ పాఠం ఉన్నది, రైతు ఇంటి లెక్క ఉన్నది. ఈ మూడింటిని కలిపి ఆలోచించడమే పశువైద్యం. మనుషుల వైద్యుడు జీవితమంతా ఒకే జంతువును చూస్తాడు. పశువైద్యుడు నాలుగు అరల కడుపుగల గేదెను, ఒకే అర గల గుర్రాన్ని, కందనకాయతో గింజ నూరుకొనే కోడిని, కుక్కను, పందిని ఒకే రోజున చూడవలసి రావచ్చు. పైగా రోగి తన బాధను నోటితో చెప్పలేదు. ఇంత విద్యను ‘గొడ్ల డాక్టరు చదువు’ అని చులకనగా మాట్లాడేవారు చదువుకొన్నవారిలోనే ఎక్కువ కనిపించడం విచిత్రం. మిరప ధర పడిపోయిన యేడు, పత్తిని గులాబిరంగు పురుగు తిన్న యేడు ఈ పల్లెలలో ఇంటి ఖర్చు నడిపించేది పాలడబ్బే. అటువంటి ఇంట ఈనిన గేదె ఒక రాత్రిలో పోతే ఏమవుతుందో రైతుకు వివరించి చెప్పనక్కరలేదు.

ఈ విద్యకు ఈ ప్రాంతంతో గల సంబంధం చాలా పాతది. ఒంగోలు జాతి పశువు పుట్టినిల్లు గుండ్లకమ్మ, ముసి నదుల నడుమ భూములు. పందొమ్మిదవ శతాబ్దంలోనే ఈ పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరినవి. అప్పటి నెల్లూరు జిల్లా పేరు మీద అక్కడ వాటిని నెలోర్ అని పిలుస్తారు. ఒంగోలు సమీపంలోని కరవది గ్రామపు ఆబోతు ఒకటి 1960 తరువాతి తొలి యేండ్లలో బ్రెజిల్‌కు పోయి, కరవది అన్న పేరుతోనే అక్కడి వంశావళులకు ఎక్కినది. ఎండకు ఓర్చుకొనే చర్మం, ముతక మేతతో నెట్టుకొని రాగల కడుపు, ఈగలు పిడుదుల బాధను తట్టుకొనే శక్తి ఆ దేశపు పచ్చికబీళ్ళకు సరిపోయినవి. ఇక్కడ మాత్రం ట్రాక్టరు వచ్చి ఎద్దు అవసరాన్ని తగ్గించింది. ఒంగోలు పశువుల మందలు పలుచబడినవి. గుంటూరు సమీపాన లాంలో ఉన్న పశుపరిశోధనస్థానం, ప్రకాశం జిల్లా చదలవాడలోని పశుక్షేత్రం ఈ జాతిని నిలబెట్టే పనిలో ఉన్నవి. ఈ రెండింటిలో ఏదో ఒకటి చాలా ఉన్నత పాఠశాలలకు ఒక్కరోజు ప్రయాణంలో ఉన్నది. విహారయాత్రకు దూరపు ఊళ్ళు వెతికే పాఠశాలలు వీటిని ఎందుకు మరచిపోతవో తెలియదు.

పూర్వం ఈ జిల్లాల కుర్రవాడు పశువైద్యం చదువదలిస్తే మద్రాసు పోవలసి వచ్చేది. అక్కడి పశువైద్య కళాశాల 1903లో ఏర్పడినది. హైదరాబాదులో 1946లోను, తిరుపతిలో 1955లోను కళాశాలలు వచ్చినవి. కృష్ణా జిల్లా గన్నవరంలో 1998లో కళాశాల తెరచిన తరువాత గుంటూరు, ఒంగోలు పిల్లలకు దూరం బాగా తగ్గినది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతి కేంద్రంగా ఏర్పడి ఈ విద్య అంతా దాని క్రిందికి వచ్చినది. ప్రొద్దుటూరు, గరివిడి కళాశాలలు ఆ తరువాతివి.

దారి దగ్గరైనంత మాత్రాన తలుపు తెరచి ఉన్నట్లు కాదు. ఆ తలుపు దగ్గరకు పోయే త్రోవ పదవతరగతి ముగిసిన వేసవిలోనే రెండుగా చీలుతుంది. పశువైద్య పట్టానికి, అనగా బి.వి.యస్.సి. అండ్ ఎ.హెచ్. అనే కోర్సుకు, ఇంటర్మీడియేటులో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతోపాటు ఇంగ్లీషు చదివి ఉండవలెను. తెలుగుదేశపు వాడుకలో చెప్పాలంటే బైపీసీ. ఎంపీసీ తీసుకొన్న విద్యార్థికి ఎంత మార్కులు వచ్చినా ఈ కోర్సులో ప్రవేశం లేదు. ఇంటర్ రెండవ యేట మనసు మారి ‘పశువుల చదువు చదువుతాను’ అనేవాడు రెండేండ్లు వెనక్కు పోవలసినదే. లెక్కలలో మంచి మార్కులు వచ్చినవనే ఒక్క కారణంతో పిల్లవాడిని ఎంపీసీలో చేర్చే ముందు, సాయంత్రం వాడు గేదెల దగ్గర ఎంతసేపు నిలబడుతున్నాడో తండ్రి ఒకసారి చూడడం మంచిది.

ఇంటర్ తరువాత జాతీయస్థాయి నీట్ పరీక్ష ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో పూర్వం ఈ సీట్లు ఎంసెట్ ర్యాంకుపై నింపేవారు; ఇటీవలి సంవత్సరాలలో నీట్ ర్యాంకును ఆధారం చేసుకొంటున్నారు. ప్రభుత్వ పశువైద్య కళాశాలల సీట్లలో నూటికి 15 అఖిలభారత కోటాకు పోతవి. వాటిని కూడ నీట్ ర్యాంకు ప్రకారమే భారత పశువైద్య మండలి నింపుతుంది. నీట్ రాసినంత మాత్రాన చాలదు. పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా వేసే ప్రకటన చూచి విడిగా దరఖాస్తు చేయవలెను. మెడికల్ సీటు రాలేదని ఇంట విచారిస్తూ కూర్చుండి, ఈ దరఖాస్తు గడువు దాటించుకొన్నవారు ప్రతి యేడూ ఉంటారు.

నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటల వ్యవధి. వీటిలో సగం, అంటే 90 ప్రశ్నలు, జీవశాస్త్రంలోనివి. భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 45. సరైన జవాబుకు 4 మార్కులు వస్తవి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది. ప్రశ్నపత్రం తెలుగులో కూడ లభిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఇది పెద్ద ఊరట. కాని కళాశాలలో పాఠ్యగ్రంథాలన్నీ ఇంగ్లీషులో ఉంటవి కనుక, ఎనిమిదవ తరగతినుంచే సైన్సు మాటలను రెండు భాషలలో వ్రాసి ఉంచుకొనడం అవసరం.

కోర్సు నాలుగున్నర యేండ్ల చదువు, ఆపైన ఒక యేడు ఇంటర్న్‌షిప్; మొత్తం అయిదున్నర యేండ్లు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదు పొందినవారే పశువైద్యులుగా వృత్తి చేయవచ్చు. పదవతరగతి తరువాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేండ్ల డిప్లొమా ఒకటి ఉన్నది. వేగంగా సంపాదనలో పడవలసిన ఇంటి పిల్లలకు అది గౌరవమైన దారే. పశుసంవర్ధక సహాయకులుగా పనిచేసే వీలు దానితో కలుగుతుంది. కాని అది పశువైద్య పట్టానికి మెట్టు అనుకొని చేరరాదు. రెండూ వేరువేరు దారులు.

ఈ దారికి హైస్కూలు పాఠాలలో ఏవి పనికివస్తవి? అన్నీ అని చెప్పడం తేలిక. పల్లెటూరి పశువునుంచి మొదలుపెట్టి చూడడం మేలు.

తొలకరిలో చినుకులు పడి, తరువాత వాన ముఖం చాటేసిన యేడు జొన్నపైరు మోకాలెత్తున వాడి నిలబడుతుంది. కోసిన జొన్నదుబ్బుకు పిలకలు వేస్తవి. ఆకలిగొన్న పశువు కట్టుత్రెంచుకొని పోయి ఆ లేతపిలకలు మేస్తే, కొద్దిసేపటిలోనే ఊపిరి ఆడక తూలి పడిపోతుంది. పల్లెలో దీనిని నాము తిన్నది అంటారు. లేతజొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమలినప్పుడు కణాలు చితికి, అది ఎంజైములతో కలిసి హైడ్రోజన్ సయనైడును విడుదల చేస్తుంది. పదవతరగతి శ్వాసక్రియ పాఠంలో, ఆహారంనుంచి శక్తి విడుదల మైటోకాండ్రియాలలో జరుగుతుందని చదువుతారు. అక్కడ ప్రాణవాయువును ఉపయోగించే చివరి ఎంజైములో ఇనుము ఉన్నది. సయనైడు ఆ ఇనుమును పట్టుకొంటుంది. అంతటితో రక్తంలో ప్రాణవాయువు నిండుగా ఉండికూడ కణాలు దానిని వాడుకోలేవు. నాము తిన్న పశువు రక్తం నల్లబడక, మామూలుకంటె ఎక్కువ ఎర్రగా ఉండడానికి కారణం ఇదే. ఊపిరాడక చనిపోతున్న జంతువు రక్తం ఎర్రగా ఉన్నదనే విషయం తరగతిలో చెప్పి, కారణం ఊహించమని పిల్లలను అడిగితే ఆ గంట వృథా పోదు.

వైద్యం కూడ అంత విలక్షణమైనదే. పశువైద్యుడు సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు రక్తనాళంలోకి ఎక్కిస్తాడు. మొదటిది రక్తంలోని హీమోగ్లోబిన్‌లో కొంతభాగాన్ని మార్చి, సయనైడుకు వేరొక ఇనుమును ఎర చూపుతుంది. రెండవది గంధకాన్ని అందించి సయనైడును థయోసయనేటుగా మార్చి, మూత్రంలో పోయేటట్లు చేస్తుంది. థయోసల్ఫేటు అంటే ఫోటోలు కడిగేవారు వాడిన హైపోయే. గాసిపాల్ సంగతిలో ఫెర్రస్ సల్ఫేటు చేసిన పనినీ, ఇక్కడ నైట్రైటు చేయించే పనినీ పక్కపక్కన పెట్టి చూడగల విద్యార్థి రసాయనశాస్త్రాన్ని బట్టీ పట్టనవసరం లేదు. మరొక విశేషం. పత్తిచెక్క విషంనుంచి గేదెను కాపాడిన రూమెన్ సూక్ష్మజీవులే ఇక్కడ ధురిన్‌ను త్వరగా విడగొట్టి ఆపద తెస్తవి. అందుచేత ఒకే అర కడుపుగల గుర్రంకంటె నెమరుపశువుకు నాము ప్రమాదం ఎక్కువ.

పత్తిచేలలో చల్లే పురుగుమందుల కథ నాడీమండలం పాఠానికి చెందుతుంది. ఆర్గానోఫాస్ఫేటు మందు చల్లిన గట్టుమీద గడ్డి మేసిన పశువు నోట చొంగ కార్చి, కంటిపాప ముడుచుకొని, కండరాలు వణికి పడిపోతుంది. ఒక నరం మరొక కణానికి అందించే అసిటైల్‌కోలిన్ అనే వార్తను పని అయిన వెంటనే చెరిపివేసే ఎంజైము ఒకటి ఉన్నది. మందు దానిని స్తంభింపచేస్తుంది. చెరగని వార్త మళ్ళీ మళ్ళీ మోగుతూ ఉంటుంది. విరుగుడుగా పశువైద్యుడు వాడే అట్రోపిన్ బెల్లడోనా మొక్కనుంచి తెలిసినది. బెల్లడోనా, ఉమ్మెత్త, మిరప ఒకే కుటుంబపు మొక్కలు. వృక్షశాస్త్రంలో కుటుంబాలు ఎందుకు చదవాలని విసుక్కొనే విద్యార్థికి చెప్పదగిన మాట ఇది.

మిరప ప్రసంగం వచ్చినది కనుక ఒక చిన్న సంగతి. కళ్ళంలో ఎండబోసిన మిరపకాయలను మేక వాసన చూచి తప్పుకొంటుంది. కోడి మాత్రం గింజలు ఏరుకొని తింటుంది. మిరపలోని కాప్సైసిన్ క్షీరదాల నరాలలో వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి మంట పుట్టిస్తుంది. పక్షులలో ఆ గ్రాహకం కాప్సైసిన్‌కు లొంగదు. ఈ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021 వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని మరొక శాస్త్రజ్ఞునితో పంచుకొన్నాడు.

లెక్కలను బైపీసీ విద్యార్థి మరచిపోవచ్చునన్న భ్రమ కూడదు. 450 కిలోల గేదెకు రోజుకు దాని బరువులో నూటికి రెండున్నర వంతు పొడిపదార్థం కావాలనుకొంటే, అది 11.25 కిలోలు. పచ్చిమేతలో ఐదింట నాలుగు వంతులు నీరే కనుక 30 కిలోల పచ్చిమేతనుంచి వచ్చేది 6 కిలోలు. ఎండుచొప్పలో పదింట తొమ్మిది వంతులు పొడిపదార్థం. 5 కిలోలకు 4.5 కిలోలు. దాణా ఒక కిలోకు 0.9. మొత్తం 11.4. లెక్క సరిపోయినది. పచ్చిమేత గంపెడు వేశాము, కడుపు నిండినదనుకొనే ఇంట ఈ లెక్కను ఎనిమిదవ తరగతి పిల్ల వేసి చూపవచ్చు. రేపు కళాశాలలో మందు మోతాదును పశువు బరువునుబట్టి కట్టవలసినప్పుడు కావలసిన గణితం కూడ ఇంతకు మించినది కాదు. తప్పితే మాత్రం ప్రాణం పోతుంది.

చదువు సంగతి ఇట్లుండగా డబ్బు సంగతి వేరుగా ఆలోచించాలి. ఇక్కడ పదవతరగతి వరకు ఆగితే ఆలస్యమవుతుంది. మొదటి అవకాశం ఎనిమిదవ తరగతిలోనే వస్తుంది. జాతీయ ప్రతిభా ఉపకారవేతనం, ఎన్.ఎం.ఎం.ఎస్. అని పిలిచేది, 2008లో కేంద్రప్రభుత్వం ప్రారంభించినది. ప్రభుత్వ, స్థానికసంస్థల, ఎయిడెడు పాఠశాలలలో ఎనిమిది చదువుతూ, ఏడవతరగతిలో నూటికి 55 మార్కులు తెచ్చుకొన్నవారు పరీక్షకు కూర్చోవచ్చు. షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు 50 చాలు. తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటరాదు. పరీక్షలో రెండు భాగాలు: బుద్ధికుశలతకు 90 ప్రశ్నలు, పాఠ్యవిషయాలకు 90 ప్రశ్నలు. ఎంపికైన విద్యార్థికి తొమ్మిదినుంచి ఇంటర్ రెండవ యేడు వరకు యేటికి 12,000 రూపాయలు ముడుతుంది; నాలుగేండ్లకు 48,000. ఆశ్రమ పాఠశాలల్లో, ప్రైవేటు పాఠశాలల్లో చదివేవారికి ఇది వర్తించదు.

ఈ వేతనంలో ఒక మెలిక ఉన్నది. పదవతరగతిలో నూటికి 60 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులాలకు, తెగలకు 5 మార్కుల సడలింపు ఉన్నది. అంతేగాక ఇంటర్ కూడ ప్రభుత్వ లేక ఎయిడెడు కళాశాలలోనే చదువవలెను. పది పూర్తి కాగానే పట్నంలో ప్రైవేటు కళాశాల హాస్టలులో చేరినవారికి మిగిలిన రెండేండ్ల వేతనం ఆగిపోతుంది. 24,000 రూపాయలు వదులుకొని, దానికి ఎన్నో రెట్లు ఫీజు కట్టడం అవసరమా కాదా అన్నది కుటుంబం తేల్చుకోవలసిన విషయం. కాని తెలిసి తేల్చుకోవలెను. ఆగిపోయిన తరువాత పాఠశాలకు వచ్చి విచారించే తండ్రులే ఎక్కువ.

పిల్లవాడు పరీక్ష బాగా వ్రాసికూడ, ఆధార్‌లో పేరు ఒక తీరుగా, బడి రిజిస్టరులో మరొక తీరుగా ఉన్నందున డబ్బు ఖాతాకు చేరని సందర్భాలు ఉన్నవి. ఇంటిపేరు ముందా వెనుకా, పొట్టి అక్షరమా పూర్తిపేరా అన్నది ఏడవతరగతిలోనే సరిచూడడం ఉపాధ్యాయుడికి పది నిమిషాల పని. ఆరవతరగతినుంచి ఇంటర్ వరకు ప్రతి యేటి స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధృవపత్రాలు ఒక సంచిలో భద్రపరచడం కూడ అటువంటిదే. స్థానిక అభ్యర్థి అవునా కాదా అని తేల్చేది ఈ కాగితాలే.

ఇంటర్‌లో ఆ యేడు తన గ్రూపులో ఉత్తీర్ణులైన బోర్డు విద్యార్థులలో పైనున్న ఐదవ వంతులో నిలిచి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షలకు మించని వారికి కేంద్రప్రభుత్వపు మరొక ఉపకారవేతనం ఉన్నది. పట్టవిద్యలో మొదటి మూడేండ్లు యేటికి 12,000; వృత్తివిద్య అయితే నాలుగు, అయిదు సంవత్సరాలకు 20,000. జాతీయ ఉపకారవేతనాల పోర్టల్‌లో దరఖాస్తు చేయవలెను. అర్హులైన కుటుంబాల పిల్లలకు రాష్ట్రప్రభుత్వపు బోధనారుసుము సహాయం దీనికి వేరు. ఇన్‌స్పైర్ అనే పేరుతో యేటికి 80,000 ఇచ్చే పథకాన్ని గూర్చి చాలామంది అడుగుతారు. అది మూలశాస్త్రాలు చదివేవారికే. పశువైద్యం వంటి వృత్తివిద్యకు చెల్లదు. ఇన్‌స్పైర్ మానక్ అన్నది వేరు. అది ఉన్నత పాఠశాల పిల్లల కొత్త ఆలోచనలకు 10,000 రూపాయల ప్రోత్సాహం. దూడ తొట్టిలోకి పెద్దపశువు మూతి పెట్టకుండా చేసే ఏర్పాటువంటిది కూడ దానికి పంపవచ్చు.

పుస్తకాలు, కాగితాలు కాక మూడవది కన్ను. పశువైద్యంలో సగం చూపులో ఉన్నదని పెద్దలు ఊరికే అనలేదు. ఇంట ఒక గేదె ఉన్న విద్యార్థి ఒక నోటుపుస్తకం పెట్టి, పూటపూటకు పాలు, వేసిన మేత, పేడ తీరు, నెమరు వ్రాసుకోవచ్చు. ఒక్కొక్క ముద్దను గేదె యాభై అరవైసార్లు నములుతుంది. ఎడమ డొక్క పల్లంలో పిడికిలి మెల్లగా ఆనిస్తే నిమిషానికి ఒకటి రెండుసార్లు రూమెన్ పొంగి అణగడం చేతికి తెలుస్తుంది. ఆ కదలిక ఆగినదంటే పశువు మేత మానకముందే జబ్బు మొదలైనదన్నమాట. ఎదకు వచ్చిన తేదీ, దాటించిన తేదీ వ్రాసి ఉంచితే ఆవుకు తొమ్మిది నెలల పదిరోజులకు, గేదెకు పదినెలలు దాటి ఈత ఎప్పుడు పడేదీ ముందుగా చెప్పవచ్చు. గేదె ఎద బయటికి కనిపించనిది. ఇరవై ఒక్క రోజులకు ఒకసారి తిరిగి వచ్చే ఆ లక్షణాన్ని పట్టుకొన్న పిల్ల ఇంటికి ఒక ఈతకాలాన్ని మిగిల్చినట్లే. ఈ పని ఆడపిల్లలకు తగదనేవారు, రోజూ తెల్లవారి గేదెల క్రింద కూర్చుండి పాలు పితికేది ఎవరో చూచి మాట్లాడవలెను.

అయితే ఉత్సాహానికి కట్టుబాటు కావాలి. విద్యార్థి చూడవలె, వ్రాయవలె, వైద్యం చేయరాదు. నురుగు కార్చే కుక్క, మింగలేక తిప్పలుపడే పశువు నోటిలో చేయిపెట్టరాదు. అది రేబీస్ కావచ్చు. కరచినా, చొంగ గాయానికి తగిలినా వెంటనే సబ్బుతో పావుగంటసేపు పారేనీటిలో కడిగి ఆసుపత్రికి పోవలెను. ఉన్నట్టుండి చనిపోయి ముక్కునుంచి గడ్డకట్టని నల్లనిరక్తం కారే పశువును కోయరాదు, చర్మం తీయరాదు. దొమ్మరోగపు క్రిములు గాలి తగిలితే గట్టి బీజాలుగా మారి, నేలలో ఏండ్ల తరబడి నిలుస్తవి. అటువంటి చావు కనిపిస్తే పశువైద్యశాలకు కబురు చేయవలెను. రాష్ట్రంలో 2022నుంచి నడుస్తున్న సంచార పశువైద్యశాలలకు 1962 నంబరుపై ఫోను చేయవచ్చు.

చూచి నేర్చుకొనడానికి మంచి సమయం వానాకాలానికి ముందు వచ్చే టీకాల రోజులు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేస్తారు. గాలికుంటు టీకా, 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం క్రింద ఆరునెలలకొకసారి వేస్తున్నారు. ఉపాధ్యాయుడు పశువైద్యశాలతో ముందుగా మాట్లాడి పదిమంది పిల్లలను పంపితే, ఒకరు టీకా సీసాలు ఉంచిన ఐసుపెట్టె ఎంత చల్లగా ఉన్నదో చూచి, చల్లదనం పోతే టీకా ఎందుకు చెడిపోతుందో అడగవచ్చు. మరొకరు పశువుల చెవిపోగులపై ఉండే పన్నెండంకెల సంఖ్యలను ఇంటింటివారీగా వ్రాసుకోవచ్చు. ఆరునెలల పిమ్మట రెండవ విడత వచ్చినప్పుడు ఆ పుస్తకం తీసి చూస్తే ఊరిలో ఏ పశువు అమ్ముడుపోయినది, ఏది ఈనినది, ఏది చనిపోయినది, ఏ ఇంటి పశువు టీకాకు రాక తప్పిపోయినది తెలుస్తుంది. అలా తప్పిపోయిన ఇంటికి ఆ పిల్లలే పోయి కారణం కనుక్కొని రావచ్చు.